చదవని పుస్తకాల్లో ఏవి ఉంచాలి, ఏవి పంపాలి: తిరుపతి, చిత్తూరు ఇళ్లకు ఒక మార్గదర్శి

ఇంట్లో చదవని పుస్తకాలు పేరుకుపోయాయని ఎవరితో అన్నా ఒకటే సలహా ఇస్తారు: ఏడాదిగా ముట్టుకోనివన్నీ తీసేయమని. చీరలకూ స్టీలు సామాన్లకూ పనికొచ్చే ఈ లెక్క తెలుగు పుస్తకానికి పనికిరాదు. తెలుగు కథల సంపుటి మామూలుగా ఐదువందలో వెయ్యో ప్రతులు అచ్చవుతుంది. అవి అయిపోయాక మళ్లీ వేసేవాళ్లు అరుదు. మీరు పంపేసిన ఇంగ్లీషు బెస్ట్‌సెల్లర్ మళ్లీ కావాలనిపిస్తే నాలుగు రోజుల్లో కొరియర్‌లో వస్తుంది. మదనపల్లెలోనో పుంగనూరులోనో ఒక మాస్టారు సొంత డబ్బుతో అచ్చువేయించుకున్న పుస్తకం మాత్రం చేయి జారితే జారినట్టే. అందుకే ఈ పద్ధతిలో ‘చదువుతానా’ అన్న ప్రశ్న రెండోది. ‘మళ్లీ దొరుకుతుందా’ అన్నది మొదటిది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గోడలు చెమ్మగిల్లి ఉంటాయి, తీసి నేలమీద పరిచిన పుస్తకం తేమ పీల్చుకుంటుంది. మే నెలలో మిద్దె కింద కూర్చుని పుస్తకాలు ఏరే ఓపిక ఎవరికీ ఉండదు. జనవరి చివర నుంచి మార్చి దాకా గాలి పొడిగా ఉంటుంది, బూజుపట్టిన పుస్తకం వాసనతోనే దొరికిపోతుంది. భోగికి ముందే సర్దేద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట: మంటలో వేయడానికి పాత చాపలు, విరిగిన కుర్చీలు చాలు. ఆ రోజు హడావుడిలో పుస్తకాల కట్ట బయటికి తీయకండి.

అంతా ఒక్కరోజులో తేల్చాలని కూర్చోవద్దు. 3 అడుగుల అర ఒకదానిలో, సగటున 2 సెంటీమీటర్ల మందం చొప్పున, 45 పుస్తకాల దాకా పడతాయి. ఆ ఒక్క అరకు రెండు పూటలు పడుతుంది. మూడో గంట దాటితే చేతికొచ్చిన ప్రతిదీ ‘ఉంచుదాం’ అనో ‘పోనీ’ అనో ఒకే కుప్పలోకి వెళ్తుంది, ఎందుకంటే అప్పటికి మీరు చూడటం మానేసి ఉంటారు.

చదవనివి ఏవో తేల్చుకోవడం

అర మొత్తం దించి మూడు వరుసలు పెట్టండి: అసలు తెరవనివి, కొంత చదివి ఆపినవి, మొదటినుంచి చివరిదాకా చదవడానికి కాక వెతుక్కోవడానికి కొన్నవి. నిఘంటువులు, వ్యాకరణాలు, పద్యసూచికలు, వైద్య గ్రంథాలు మూడో వరుసవి. వాటిని చదవని పుస్తకాల లెక్కలో వేయకండి, తిరిగి అరలో పెట్టేయండి. మొదటి రెండు వరుసల్లోని ప్రతి పుస్తకంలో సన్నని తెల్లకాగితం చీటీ ఒకటి పెట్టి, కొన్న సంవత్సరం, ఎందుకు కొన్నారో రెండు ముక్కల్లో రాయండి. గుర్తులేకపోతే ‘తెలీదు’ అని రాయండి. ఆ మాట కూడా తర్వాత పనికొస్తుంది.

చీటీకి పసుపు రంగు అంటుడు కాగితాలు వద్దు. ఆ జిగురు కొన్నేళ్లకు పేజీకి పట్టేసి అక్షరాల్ని లేపుకొస్తుంది.

మొదటి పరీక్ష: మళ్లీ దొరుకుతుందా

టైటిల్ పేజీ వెనక ఉండే ప్రచురణ వివరాల పేజీ తీయండి. ‘ప్రథమ ముద్రణ’, ‘ప్రతులు’, ‘ప్రతులకు’ అన్న మూడు చోట్ల చూడాలి. ప్రతులు 500 అని ఉండి, ‘ప్రతులకు’ దగ్గర పుస్తకాల షాపు పేరు కాక రచయిత ఇంటి చిరునామాయే ఉంటే అది స్వీయ ప్రచురణ. ముద్రణ జరిగి ఇరవయ్యేళ్లయితే ఇక దొరకనట్టే భావించండి. నాలుగైదు ముద్రణలు పడి, పెద్ద ప్రచురణ సంస్థ పేరుంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడేది పుస్తకం వయసు దగ్గర. పాతదైతే అరుదైనదనుకుంటారు. మన దేశంలో కాపీరైటు రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ గడువు తీరిన రచయితల పుస్తకాల్ని ఎవరైనా అచ్చువేయొచ్చు, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చు, పెడుతున్నారు కూడా. నిజంగా చిక్కొచ్చేది 1970 నుంచి 2000 దాకా వచ్చినవాటితో. హక్కులు వారసుల దగ్గర ఉంటాయి, వాళ్లెక్కడున్నారో ఎవరికీ తెలీదు, ఈ-బుక్కులు అప్పటికింకా రాలేదు. నలభై రూపాయల ధర వేసిన, అట్ట వెలిసిన ఆ మధ్యకాలపు పుస్తకాన్నే జనం మొదట పాత పేపర్ల అంగడికి పంపుతారు. చేయకూడని పని అది.

అనుమానం ఉన్న పుస్తకానికి నాలుగు చోట్ల వెతకండి: ప్రచురణకర్త జాబితా, ఆన్‌లైన్ దుకాణాలు, ఆర్కైవ్.ఆర్గ్, దగ్గర్లోని పెద్ద గ్రంథాలయం. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయం, చిత్తూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం మొదట అడగాల్సిన చోట్లు. ఆర్కైవ్.ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. కాకపోతే పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. దీర్ఘాలు ఉండవు, ళ కారం ల అవుతుంది, ఒక్కోసారి రచయిత పేరు పుస్తకం పేరు స్థానంలో ఉంటుంది. ఒక్కసారి వెతికి లేదనుకోవద్దు. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాల స్పెల్లింగులతో, రచయిత ఇంటిపేరుతో విడిగా వెతకండి.

స్కాన్ దొరికిందని చేతిలోని ప్రతిని వెంటనే వదలకండి. దించుకుని మొదటి పది పేజీలు, మధ్యలో పది, చివరి పది చూడండి. పేజీలు ఎగిరిపోవడం, అంచు పదాలు తెగిపోవడం ఆ స్కాన్లలో మామూలు. బొమ్మలు, పటాలు ఉన్న పుస్తకమైతే స్కాన్‌ను లెక్కలోకే తీసుకోవద్దు.

ఈ పరీక్షలో పుస్తకాలు రెండు గుంపులవుతాయి. ‘దొరకనివి’ అన్న గుంపు పక్కకు వెళ్తుంది, దాన్ని చదివే ఉద్దేశం లేకపోయినా సరే. మీరు చదవకపోతే, చదివేవాళ్ల దగ్గరికి చేర్చేదాకా దాచాల్సినవి అవి. మిగిలినవి రెండో పరీక్షకు.

వారపత్రికల్లోని సీరియల్ పేజీలు కోసి, అట్టవేసి కుట్టించిన బైండ్లు ఉంటే అవి నేరుగా దొరకనివాటిలోకే. నవలగా వచ్చిన పుస్తకంలో ఆ బొమ్మలు ఉండవు, కొన్ని సీరియళ్లయితే నవలగా రానేలేదు.

రెండో పరీక్ష: ఇరవై పేజీలు

మన పుస్తకాల ముందు భాగాన్ని నమ్మి నిర్ణయించకూడదు. మున్నుడి, ముందుమాట, ఆశంస, అభినందన, రచయిత మనవి కలిపి ముప్పై పేజీలు నడుస్తాయి, అందరూ మెచ్చుకునే ఉంటారు. అవి దాటి అసలు విషయం మొదలైన చోట పది పేజీలు, సరిగ్గా మధ్యలో పది పేజీలు చదవండి. మొదటి పది బాగుండి మధ్య పది నడవకపోతే ఆ పుస్తకాన్ని మీరు అక్కడే ఆపేస్తారు. రెండో వరుసలోని ‘కొంత చదివి ఆపినవి’ చాలావరకు ఈ జాతివే.

నవలకు ఈ కొలత సరిపోతుంది. కథల పుస్తకమైతే ఒక పూర్తి కథ చదవండి, మొదటి కథ మాత్రం వద్దు, బాగున్నదాన్నే ముందు పెడతారు. కవిత్వమైతే ఐదు కవితలు చాలు. చరిత్ర, వ్యాసాల వంటివైతే విషయసూచికలో మీకు ఇదివరకే కొంత తెలిసిన అధ్యాయం ఏరుకోండి. తిరుమల శాసనాల గురించో, చంద్రగిరి కోట గురించో మీకు తెలిసిన విషయాన్ని తప్పుగా రాసినవాడు తెలియని విషయాన్ని సరిగ్గా రాసి ఉంటాడని నమ్మడం కష్టం.

పద్యకావ్యాల దగ్గర ఇంకాస్త నిజాయితీ కావాలి. టీకా లేని ప్రతి చాలా ఇళ్లల్లో గౌరవంగా కూర్చుని ఉంటుంది. నిఘంటువు పక్కన పెట్టుకుని పది పద్యాలు ప్రయత్నించండి. అర్థం సాగకపోతే కావ్యం మీద ఆశ వదులుకోనక్కర్లేదు, ఆ ప్రతిని వదిలి టీకా తాత్పర్యాలున్న ముద్రణ తెచ్చుకోండి. మూలం మాత్రమే ఉన్న పుస్తకం సంస్కృతాంధ్రాలు చదువుకునే విద్యార్థికి ఎక్కువ ఉపయోగం.

ఇరవై పేజీలు చదివాక అడగాల్సింది ఒకటే: ఇరవై ఒకటో పేజీ తిప్పబుద్ధి అవుతోందా? ‘మంచి పుస్తకమే’ అన్న జవాబు దీనికి జవాబు కాదు.

కాలం చెల్లినవి

ఇక్కడ తర్జనభర్జన అక్కర్లేదు. పోటీ పరీక్షల పుస్తకాలు, సిలబస్ మారిన పాఠ్యపుస్తకాలు, కంప్యూటర్ పుస్తకాలు పంపేయొచ్చు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, తిరుపతి విడి జిల్లా అయింది. అంతకుముందు వచ్చిన రాష్ట్ర భూగోళం, జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు పరీక్షకు పనికిరావు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కనుక పాత శిక్షాస్మృతి గైడ్లదీ అదే దారి, పాత కేసులు నడిపే వకీళ్ల ఇళ్లలో తప్ప.

కానీ ఇదే తర్కాన్ని పాత జిల్లా పుస్తకాలకు వర్తింపజేయవద్దు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకుముందు చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె వైపు కడపలో ఉండేవి. పాత గెజిటీర్లు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకాలు), జనాభా లెక్కల పుస్తకాలు, సహకార సంఘాల వార్షిక సంచికలు, హైస్కూళ్ల స్వర్ణోత్సవ సంచికలు ఎంత పాతబడితే అంత పనికొస్తాయి. స్వర్ణోత్సవ సంచికను ఏ దుకాణమూ అమ్మదు, చాలా గ్రంథాలయాల్లోనూ ఉండదు.

భక్తి పుస్తకాలు, కానుకలు, తాతల కాలంనాటివి

తిరుపతి ఇళ్లలో ప్రత్యేకంగా పేరుకునేవి టీటీడీ ప్రచురణలు. గృహప్రవేశానికి ఒక భగవద్గీత, పెళ్లికి రెండు, దర్శనానికి వెళ్లినప్పుడల్లా ఒక స్తోత్రాల పుస్తకం. ఒకే పుస్తకం మూడు ప్రతులుంటే పెద్ద అక్షరాలున్నది ఉంచుకోండి. మిగతావి పారేయడానికి మనసొప్పదు, పారేయనక్కర్లేదు, వీధి చివరి గుడిలోనో, పారాయణం చేసుకునే పక్కింటివాళ్లకో ఇవ్వొచ్చు. టీటీడీ తన ప్రచురణల్లో చాలావాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునేలా పెట్టింది కాబట్టి ఇవి మొదటి పరీక్షలో ‘దొరికేవి’ వైపు పడతాయి. సంపుటాలుగా వచ్చినవాటిలో మాత్రం ఆగి చూడండి. సెట్టులో కొన్నే ఉంటే లేని సంపుటాల అంకెలు ఒక చీటీమీద రాసుకోండి. రెండు మూడే తక్కువైతే ఉంచి వెతకండి, సగం పైన లేకపోతే ఉన్నవాటిని వేరేవాళ్ల సెట్టు నింపడానికి ఇచ్చేయండి.

రచయిత సంతకం చేసి ఇచ్చిన పుస్తకం పంపేయాల్సివస్తే ఆ పేజీ చింపకండి. చింపితే దాని వెనకే ఉన్న ప్రచురణ వివరాలు కూడా పోతాయి, కుట్టు వదులై ముందు పేజీలు రాలతాయి. సంకోచంగా ఉంటే దుకాణానికి కాక తెలిసిన పాఠకుడి చేతికే ఇవ్వండి.

చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు ఇళ్లలో తాతలు చదివిన తమిళ పుస్తకాలు ఉంటాయి. ఇంట్లో ఎవరికీ ఇప్పుడు ఆ లిపి రాదు. చదవలేం కనుక ఇరవై పేజీల పరీక్ష కుదరదు. తమిళం వచ్చిన బంధువు ఒకరిని కూర్చోబెట్టి పేరు, రచయిత, సంవత్సరం రాయించుకోండి, ఆ తర్వాతే నిర్ణయం. మార్జిన్లలో చేతిరాతలు ఉన్నవి కుటుంబంలో ఉంచండి. తాళపత్రాలు బయటపడితే తడిగుడ్డ పెట్టడం, నూనె రాయడం, ఎండలో వేయడం ఏదీ చేయవద్దు. ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థవాళ్లను అడగండి, తాళపత్ర గ్రంథాలు వాళ్ల పని.

అన్నిటికంటే ముఖ్యం, మీవి కాని పుస్తకాలకు మీరు తీర్పు చెప్పకండి. నాన్నగారి అరను ఆయన ఊళ్లో లేనప్పుడు సర్దితే ఆ తగాదా ఉగాది దాకా నడుస్తుంది.

ఎన్ని ఉంచాలి

పోయిన ఏడాది మీరు నిజంగా పూర్తిచేసిన పుస్తకాలు లెక్కపెట్టండి. 12 అయితే, మూడేళ్లకు 36. చదవడానికి ఉంచుకునే పుస్తకాలకు అదే గరిష్ఠం, ఒక 3 అడుగుల అరలో కాస్త వదులుగా పడతాయి. మూడేళ్లే ఎందుకంటే అంతకు మించితే మన ఇష్టాలు మారతాయి, కొన్నప్పటి ఉత్సాహం చదివేనాటికి ఉండదు. ‘దొరకనివి’ ఈ లెక్కలోకి రావు, వాటికి విడిగా ఒక అర ఇవ్వండి. ఏడాదికి 12 చదివి 20 కొనేవారింట్లో ఏటా 8 మిగులుతాయి. విజయవాడ జనవరి పుస్తక మహోత్సవానికి వెళ్లొచ్చే అలవాటుంటే, సర్దుడు అక్కడినుంచి వచ్చాకే పెట్టుకోండి, లేకపోతే లెక్క రెండుసార్లు చేయాలి.

తేలనివి

ఎటూ తేలనివాటిని అట్టపెట్టెలో వేసి ఆరు నెలలు ఆగండి. పెట్టెకు 25 నుంచి 30 పుస్తకాలు, పది కిలోలకు అటూఇటూ. అంతకు మించితే అడుగు ఊడుతుంది. మూత మీద తేదీ, లోపలి పుస్తకాల పేర్లు రాయండి. ఆరు నెలల్లో వాటిలో ఒక్కదాన్నైనా వెతుక్కుంటే దాన్ని తీసుకుని మిగతావి పంపేయండి. పెట్టెను అటక మీద మాత్రం పెట్టకండి. స్లాబు కిందే ఉండే అటక వేసవిలో కాగిపోతుంది, కాగితం పెళుసుబారి బైండింగు జిగురు విడిపోతుంది. మంచం కింద పెడితే నెలకోసారి అడుగు చూడాలి, చెదలు కింద నుంచే వస్తాయి.

పురుగు, తడి, పెళుసు

అరలోకి తిరిగి వెళ్లే ప్రతి పుస్తకాన్నీ, బయటికి పంపేదాన్నీ చూడాల్సిందే. పేజీ పైపొర గీకినట్టు, అంచులు ఎగుడుదిగుడుగా కొరికినట్టు ఉంటే సిల్వర్‌ఫిష్. సూదితో పొడిచినట్టు గుండ్రని రంధ్రం అట్ట నుంచి లోపలికి సొరంగంలా పోతే పుస్తకాల పురుగు. మట్టి చారలు, పేజీలు ముద్దగా అతుక్కుపోయి ఉండటం చెదలు. చెదలు కనిపిస్తే పుస్తకాన్ని పక్కన పెట్టి గోడను చూడండి, పుట్ట అక్కడుంటుంది.

పురుగు పట్టినదాన్ని గాలి తీసేసిన ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూసి ఫ్రిజ్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజు ఆగాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద నీటి తుంపర పడుతుంది. బూజు ఉంటే మూతికి మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తని బ్రష్‌తో దులిపి, నీడలో గాలికి ఆరబెట్టండి. మన ఎండలో ఒక్క మధ్యాహ్నం ఉంచినా అట్ట విల్లులా వంగుతుంది. వేపాకు పెట్టే అలవాటుంటే బాగా ఎండినదే పెట్టండి, పచ్చిది తేమ తెస్తుంది. నాఫ్తలీన్ ఉండలు పడకగదిలో వద్దు, ఆ ఆవిరి పీల్చేది మీరే.

కాగితం పెళుసుదనం తెలియాలంటే ఖాళీ పేజీ మూల ఒకటి రెండుసార్లు ముందుకీ వెనక్కీ మడవండి. విరిగిపోతే ఆ పుస్తకం ఇంకొక్క చదువుకే తట్టుకుంటుంది. దొరకని పుస్తకమైతే చదవకముందే ఫోనుతో పేజీలు ఫొటో తీసుకోండి.

పంపేవి ఎక్కడికి

గ్రంథాలయానికి సంచులతో నేరుగా వెళ్లవద్దు. పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు రాసిన జాబితా ముందు ఇవ్వండి, వాళ్లు కావాల్సినవి టిక్కు పెడతారు. మీ నాన్నగారి పేరుతో విడి బీరువా ఉండాలన్న షరతు పెడితే ఎక్కువసార్లు మొత్తమే వద్దంటారు, స్థలం వాళ్లకీ లేదు. సాహిత్య విమర్శ, సిద్ధాంత గ్రంథాలు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పరిశోధన చేసేవాళ్లకు, కథల పుస్తకాలు బడులకు, పెద్ద అక్షరాలవి వృద్ధాశ్రమాలకు. పురుగుపట్టినవి ఎవరికీ ఇవ్వకండి, ఒక్క పుస్తకం వాళ్ల అర మొత్తానికి అంటిస్తుంది. గైడ్లు, చిరిగినవి కిలోల లెక్కన పాత పేపర్ల అంగడికి.

ఉంచినవాటిని సర్దడం

చదవాల్సినవి కంటి ఎత్తులో ఉండాలి. కింది అరలోకి వెళ్లిన చదవని పుస్తకం మళ్లీ ఐదేళ్లకు గానీ కనిపించదు. తర్వాత చదవబోయే ఐదింటిని అరలో కాకుండా కూర్చునే చోట పెట్టండి. అర గోడకు ఆనకుండా రెండు అంగుళాలు, నేలకు ఆరు అంగుళాలు ఎడం ఉండాలి. వాన జల్లు కొట్టే బయటి గోడకు పుస్తకాల బీరువా వేయకపోతే మంచిది. డెమ్మీ సైజు, అంటే మామూలు నవల సైజు తెలుగు పుస్తకాలకు 10 అంగుళాల లోతు చాలు, ఎక్కువ లోతుంటే వెనక ఇంకో వరుస పెట్టాలనిపిస్తుంది, ఆ వెనక వరుస అంతటితో మరిచిపోతారు. పార్టికల్ బోర్డు అర 3 అడుగులుంటే మధ్యలో ఒక ఆధారం కొట్టించండి, బరువుకు రెండేళ్లలో దిగుతుంది.

పిన్నులు కొట్టిన సన్నని పుస్తకాలకు, శతకాలు, స్తోత్రాలు, సభల ప్రసంగాల వంటివాటికి, వీపు ఉండదు కాబట్టి అరలో పేరు కనిపించదు. విషయాన్నిబట్టి నిలువు ఫైలు పెట్టెల్లో పెట్టండి. పిన్ను తుప్పు పట్టి ఉంటే జాగ్రత్తగా ఊడదీసి అవే రంధ్రాల్లోంచి నూలుదారంతో కుట్టండి, ముడి లోపలివైపు పడాలి.

వచ్చే సంక్రాంతికి చీటీలు మళ్లీ చూడండి. ఐదేళ్లు దాటిన తేదీ ఉన్నవాటికే ఇరవై పేజీల పరీక్ష మళ్లీ పెట్టాలి, మిగతావి కదపనక్కర్లేదు. ‘తెలీదు’ అని రాసిన చీటీల్ని మాత్రం తేదీతో పనిలేకుండా అన్నిటికంటే ముందు తీయండి.